దారంతో కొలిచిన దూరం

పోయినవారం రూతును వంటింటి గోడకున్న టెలిఫోన్ దగ్గర, రిసీవర్ చెవికి ఆనించుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఆమె అక్కడిదాకా ఎందుకు వెళ్ళిందో రెండు ముక్కల్లో గుర్తు చేసుకుని ముందుకు సాగుదాం.

అమెరికాలో, చికాగో పక్కనున్న అరోరా తెలుగు చర్చి నుంచి పదకొండు మంది మే నెలలో పరిశుద్ధ దేశ యాత్రకి బయల్దేరుతున్నారు. తిరుగు ప్రయాణంలో రోమ్‌లో ఒక రోజు ఖాళీగా ఉంది. సరిగ్గా ఆ రోజే రూతు చెల్లెలు దేవకుమారి ఏథెన్స్‌లో ఉంటుంది. లిబియాలో, ట్రిపోలీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ముగించుకుని విజయవాడ వెళ్ళిపోతూ, విమానం మారడానికి ఒక పగలంతా అక్కడ ఆగుతుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని ఏడేళ్ళు. రూతు ఇండియా వెళ్ళిన రెండుసార్లూ దేవకుమారికి సెలవు దొరకలేదు. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పగలవాళ్ళు లేరు.

ఆ ఖాళీ రోజున రోమ్ నుంచి ఏథెన్స్ వెళ్ళి, చెల్లెల్ని చూసి, రాత్రికి తిరిగొచ్చేస్తానని రూతు అడిగింది. యాత్రకి పెద్దగా ఉన్న ఏసుపాదం గారు ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ కప్పు పట్టుకుని తీర్పు చెప్పేశారు.

"రోమాకీ ఏథెన్సుకీ మధ్య విమానంలో ఐదు గంటలమ్మా. పోను ఐదు, రాను ఐదు. నువ్వు అక్కడ దిగి చెల్లెలికి హలో చెప్పేసరికి తిరుగు విమానం వెళ్ళిపోతుంది. ఆ ఆలోచన మానుకో."

రూతుకి నమ్మబుద్ధి కాలేదు. బి.ఏ.లో భూగోళశాస్త్రం చదివింది. మధ్యధరా సముద్రం ఆమె కళ్ళకి ఇంకా కట్టినట్టే ఉంది. అందుకే షామ్‌బర్గ్‌లో ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసే స్నేహితురాలు వసుమతికి ఫోన్ చేసింది.

వసుమతి పడీ పడీ నవ్వింది. "ఐదు గంటలా? ఎవరే చెప్పింది నీకు? పడవల తీసుకపోతడా ఏంది మీ పెద్దాయన? ఆరువందల యాభై మైళ్ళు. రెండు గంటలు గూడ పట్టదు. గ్రీస్‌ల గడియారం ఒక గంట ముందుంటది, గంతే. పొద్దుగాల పోయి, మీ చెల్లెతోని కూసోని అన్నం తిని, రాత్రికి వచ్చి రోమ్‌ల పండుకోవచ్చు. వీసా సంగతి నాకొదిలెయ్యి. కానీ టిక్కెట్లు సోమవారం ఖాయం చెయ్యాలె. ఆ తర్వాత నా చేతుల ఏం లేదు."

అదీ పోయినవారం కథ.

ఫోన్ పెట్టేశాక రూతు స్టవ్ మీద పాలు పొంగుతున్నా చూడకుండా చాలాసేపు నిలబడింది. ఆమెని పట్టి కుదిపింది సంతోషం మాత్రమే కాదు. ఏసుపాదం గారు టెలిఫోన్ పరికరాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ మనిషి. వెంట్రుకవాసి తేడా కనిపిస్తే పెట్టె పెట్టంతా వెనక్కి పంపిస్తారు. చర్చి పిక్నిక్‌కి వెళ్ళినా ఏ ఎగ్జిట్ దగ్గర ఎన్నింటికి మలుపు తిరగాలో ముందే చెప్పే మనిషి. అటువంటాయన రెండు గంటల ప్రయాణాన్ని పట్టుకుని ఐదు అన్నారంటే, అది పొరపాటా? పొరపాటు కాకపోతే మరేమిటి?

శనివారం మధ్యాహ్నం కుటుంబ ప్రార్థన రూతు ఇంట్లోనే. అక్కడే అడిగేద్దామని నిశ్చయించుకుంది.

* * *

ఫిబ్రవరి మంచు మోకాలి ఎత్తున ఉంది. గుమ్మం లోపల పరిచిన ప్లాస్టిక్ షీటు మీద బూట్లు వరసగా చేరుతున్నాయి. మొదట జగదీష్ వచ్చాడు. యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్న కుర్రాడు. ప్రార్థనకి ఒక్కరోజు కూడా మానడు, భోజనానికైతే అసలే మానడు. కోటు విప్పకముందే గాలి పీల్చి, "చికెన్ పలావాండీ?" అన్నాడు.

"ప్రార్థన తర్వాత," అంది రూతు.

"క్రాన్‌బెర్రీ పచ్చడి కూడా చేశారా?"

"ప్రార్థన తర్వాత."

వసుమతి ముందే వచ్చి వంటింట్లో చేరింది. ఆమె ప్రార్థనలో కూర్చోదు. పండగలూ పూజలూ ఆమెవి ఆమెకున్నాయి. కానీ రూతు ఇంట్లో కూటం ఉందంటే పలావు అడుగంటకుండా చూసే పని తనదే అంటుంది. "మీరు ప్రార్థన చేసుకోండి, నేను మంట చూసుకుంట," అని గరిటె పట్టుకుని నిలబడింది.

ఏసుపాదం గారు వచ్చారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, టై. వెనకాల ఆయన భార్య లూసీ, చేతిలో కేకు డబ్బాతో. ఆయన చంకలో పొడుగ్గా చుట్టిన గుడ్డ ఒకటి ఉంది.

రూతు భర్త కృపావరం కోట్లు అందుకుంటూ, "అదేంటి అన్నగారూ, చాపా?" అన్నాడు.

"సండేస్కూల్ పటం," అన్నారాయన. "మీ ఆవిడకి అనుమానాలున్నాయని లూసీ చెప్పింది. అనుమానం ఉంచుకుని ప్రార్థనలో కూర్చోకూడదు. అమ్మా రూతూ, ఇలా రా."

భోజనాల బల్ల మీద పటం పరిచారు. అపొస్తలుడైన పౌలు ఓడల మీద తిరిగిన దారులన్నీ రంగురంగుల గీతలుగా ఉన్నాయి అందులో. ఏసుపాదం గారు జేబులోంచి తెల్లదారం ఉండ తీశారు. రోమ్ మీద ఒక కొస అదిమిపట్టి, ఎర్రగీత వెంటే దారాన్ని నడిపించారు. ఇటలీ కాలి బొటనవేలు చుట్టి, సిసిలీ దాటి, మాల్టాకి దిగి, అక్కడినుంచి తుఫానులో ఓడ కొట్టుకుపోయిన వంకరలన్నీ ఒక్కటీ వదలకుండా తిరిగి, క్రేతు దీవికి వచ్చి, అక్కడ గీత మార్చి, నీలంగీత పట్టుకుని పైకెక్కి ఏథెన్స్ చేరారు. దారం ఎత్తి పటం మూలనున్న కొలబద్ద మీద పెట్టారు.

"పదిహేడు వందల మైళ్ళు. దిగడం, ఎక్కడం, కలిపి ఐదు గంటలు. నేనేం గాలిలోంచి చెప్పలేదమ్మా."

రూతు కాసేపు పటం వంక, కాసేపు ఆయన వంక చూసింది.

"అన్నయ్యగారూ, ఇది ఓడ దారి కదండీ."

"దారి దారే కదమ్మా."

"విమానానికి మాల్టాలో ఏం పనండీ?"

"అపొస్తలుడు వెళ్ళిన దారి ఇది."

"ఆయన కావాలని వెళ్ళలేదండీ. తుఫాను తీసుకెళ్ళింది."

జగదీష్ నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. రూతు, "ఏదీ, ఒకసారి ఇవ్వండి," అని ఆయన వేళ్ళ మధ్యనుంచి దారం తీసుకుని, రోమ్ మీద ఒక వేలు, ఏథెన్స్ మీద ఒక వేలు పెట్టి బిగువుగా లాగింది. ఇటలీ మడమ మీదుగా, సన్నటి సముద్రం దాటి, సూటిగా అతికింది గీత. మిగిలిపోయిన దారం బల్ల అంచు నుంచి మూరెడు వేలాడింది.

అందరూ ఆ వేలాడే దారాన్నే చూశారు.

"పటం పాతది," అన్నారు ఏసుపాదం గారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పైగా కృపావరానికి నేను మాటిచ్చాను. అతనికి సెలవు లేదు, నిన్ను నా సొంత చెల్లెల్లా చూసుకుంటానని చెప్పాను. పరాయి దేశంలో నిన్ను ఒక్కదాన్నీ విమానం ఎక్కించలేను. ఇక చాలు. ప్రార్థన వేళ దాటిపోతోంది."

కృపావరం, "నాకేం అభ్యంతరం లేదండీ—" అని మొదలుపెట్టి, పెద్దాయన చూపు తగిలి, కుర్చీలు సర్దడంలో పడ్డాడు.

* * *

గొలుసు ప్రార్థన అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. అందరూ గుండ్రంగా కూర్చుని కళ్ళు మూసుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. మధ్యలో ఎవరూ ఎవరికీ అడ్డు రాకూడదు, జవాబు చెప్పకూడదు. చెప్పేది దేవుడికి కదా. కానీ వినేవాళ్ళు కూడా ఆ గదిలోనే ఉంటారు. మొహం మీద అనలేని మాటలు ఆ గొలుసులో ఎన్ని దాటిపోతాయో, ఏ తెలుగు సంఘంలో పెరిగినవాళ్ళనడిగినా చెబుతారు.

ఏసుపాదం గారే మొదలుపెట్టారు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ గృహమును బట్టి నీకు స్తోత్రములు. ఈ గృహిణిని బట్టి స్తోత్రములు. ఆమెకు మంచి చదువునిచ్చావు తండ్రీ. ఆ చదువుతో పాటు కాస్త విధేయతను కూడా దయచేయుము. మంద నుంచి ఒక గొర్రె విడిపోయి వేరే దారి పడితే కాపరికి ఎంత గుండెదడో నీవెరుగుదువు. ఆ గొర్రెకు ఆ సంగతి తెలియజేయుమని వేడుకుంటున్నాము..."

రూతు కళ్ళు మూసుకునే ఉంది. తర్వాతి వంతు కృపావరానిది. అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, సమాధానకర్తవైన దేవా. నా భార్యకు ఓర్పునిమ్ము. మా పెద్దగారికి... మా పెద్దగారికి మంచి ఆరోగ్యమునిమ్ము. ఆమెన్."

రూతు వంతు వచ్చింది. ఎప్పుడూ నాలుగు మాటల్లో ముగించే మనిషి ఈరోజు నిదానంగా అందుకుంది.

"భూమినీ సముద్రాన్నీ కొలిచి పెట్టిన తండ్రీ, రోమ్‌కీ ఏథెన్స్‌కీ మధ్య ఎంత దూరం ఉంచావో నీకే బాగా తెలుసు. నువ్వు ఉంచిన దూరానికి మేము ఒక్క మైలు కూడా కలపకుండా మమ్మల్ని కాపాడు. నా చెల్లెలిని నువ్వు ఒక్క పగలు, ఆకాశంలో రెండు గంటల దూరంలోకి తెస్తున్నావు. దానికి జడలు వేసిన చేతులివి. ఏడేళ్ళుగా దాని మొహం ఫోటోల్లో తప్ప చూడలేదు. నువ్వు తెరిచిన తలుపుని మా అన్నయ్యగారు... మేమెవరమూ మూయకుండా చూడు. ఆమెన్."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

జగదీష్ తొందరగా అందుకున్నాడు. "ప్రభువా, ఈ ఇంట్లో సిద్ధంగా ఉన్న ఆహారమును బట్టి స్తోత్రం. అది వేడిగా ఉండగానే మేము దాన్ని అందుకొనునట్లు ఈ గొలుసును త్వరగా ముగింపుకు నడిపించుము—"

కానీ గొలుసు ముగియలేదు. ఏసుపాదం గారు మళ్ళీ మొదలుపెట్టారు. ఒకరు రెండోసారి ప్రార్థన చేయడం ఆ సంఘంలో ఎవరూ ఎన్నడూ ఎరగరు.

"తండ్రీ, ఒక చిన్న మాట మరిచాను. కొందరు అడగకూడని వాళ్ళను అడిగి, టైమ్‌టేబుల్స్ తెచ్చుకుని, పెద్దల మాట మీద లెక్కలు కడుతున్నారు. లెక్కలు అన్నీ చెప్పవు తండ్రీ. విమానంలో ఎన్ని గంటలని కాదు, ఎన్నిసార్లు ఎక్కాలి, ఎన్నిసార్లు దిగాలి, అది ఎవరు చూస్తారు? ఎన్నిసార్లు పైకి లేవాలి..."

ఆయన గొంతు అక్కడ ఎందుకో సన్నబడి ఆగిపోయింది. ఆమెన్ అనడం కూడా మరిచిపోయారు.

ఇక మిగిలింది లూసీ. లూసీ ప్రార్థన అందరికీ కంఠతా వచ్చు. మోకాళ్ళ నొప్పులు, సంఘం, ఆఖరున, "దూరదేశంలో ఉన్న మా మరిది సుందర్ రాజ్‌ను కాపాడుము." ఆ పేరు రాగానే ఏసుపాదం గారు ప్రతివారం గట్టిగా దగ్గుతారు. సుందర్ రాజ్ ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. పాస్టర్ని చేయాలని ఈయన వేదాంత కళాశాలలో చేర్పిస్తే, సగంలో మానేసి ఇంజనీరింగ్‌లో చేరాడట. చదువయ్యాక ఎటో దేశాలు పట్టి పోయాడట. మానేసిన రోజునుంచే అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఏ దేశమో రూతు ఎప్పుడూ అడగలేదు. ఆ దగ్గు విన్నాక ఎవరికీ అడగాలనిపించదు.

లూసీ మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టలేదు.

"తండ్రీ, నీ దగ్గర దాచేదేముంది. నా భర్తకి విమానమంటే భయం."

ఏసుపాదం గారి కుర్చీ కిర్రుమంది.

"పన్నెండేళ్ళ కిందట మద్రాసులో ఎక్కి చికాగోలో దిగారు. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. మళ్ళీ ఎక్కలేదు. మా అమ్మ పోయినప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆఫీసులో సెలవు లేదని అందరికీ చెప్పాను, అది అబద్ధం, క్షమించు. నీ కుమారుడు పుట్టిన ఊరు చూడాలన్న ఆశకొద్దీ ఈ యాత్రకి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న రోజునుంచి రాత్రిళ్ళు నిద్రలో నా చెయ్యి పట్టుకుని సీటు బెల్టు అనుకుని బిగిస్తున్నారు. రూతుని ఒంటరిగా పంపనని మాటిచ్చారు. మాటిస్తే తప్పే మనిషి కారు. అంటే తనూ ఏథెన్స్ వెళ్ళాలి. ఇంకో రెండుసార్లు పైకి లేవాలి. అందుకే దారాన్ని ఆ వంకరలన్నీ తిప్పారు తండ్రీ. ఆ పిల్ల ఏడేళ్ళుగా చెల్లెలి కోసం ఎదురుచూస్తోంది. మా ఆయన భయాన్ని తీసెయ్యి, లేకపోతే భయంతోనే ఎక్కించు. ఎలాగైనా ఎక్కించు. మా మరిది సుందర్ రాజ్‌ను కూడా జ్ఞాపకం చేసుకో."

ఏసుపాదం గారు దగ్గలేదు.

లూసీ ప్రార్థన ముగిసిందో లేదో ఎవరికీ తెలియలేదు.

"ఆమెన్!" అంది వసుమతి వంటింట్లోంచి, ఖణీమని.

* * *

అందరూ కళ్ళు తెరిచేసరికి ఏసుపాదం గారి కుర్చీ ఖాళీగా ఉంది. ముందుగది కిటికీలోంచి చూస్తే, ఆయన కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా, తన కారు అద్దం మీది మంచు గీకుతున్నారు. అద్దం మీద మంచు లేదు. వచ్చేటప్పుడే గీకుకుని వచ్చారు.

లూసీ లేవబోయింది. "నువ్వుండు వదినా," అని రూతు శాలువా కప్పుకుని, కృపావరం బూట్లలో కాళ్ళు దూర్చి బయటికి నడిచింది.

ఆయన తల తిప్పలేదు. "మీ వదిన అంత పొడుగు ప్రార్థన ఎప్పుడూ చేయలేదు," అన్నారు.

"చలిలో నిలబడకండి అన్నయ్యగారూ."

"మొత్తం సంఘం ముందర పరువు తీసింది."

"దేవుడికి చెప్పింది కదండీ. మేం వినలేదు, కళ్ళు మూసుకున్నాం."

ఆయన చేతిలోని గీకుడు పుల్ల ఆగింది. పెదవుల మూలల్లో ఏదో కదిలి మళ్ళీ సర్దుకుంది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. దారం కొలిచాను."

"కొలిచారు. ఏ గీత మీద కొలవాలో తెలిసీ పక్క గీత మీద కొలిచారు." రూతు గొంతులో కోపం వెతుక్కుంది. దొరకలేదు. "నాకు భయంగా ఉందమ్మా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నేను ఆదివారం నుంచీ మిమ్మల్ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో తెలుసా?"

"ఏమని?"

"చెప్పను. ప్రార్థనలో కూడా చెప్పలేదు."

ఈసారి ఆయన నిజంగానే నవ్వారు. పొగలా ఊపిరి బయటికొచ్చింది. కారు బానెట్ మీద చెయ్యి ఆనించి, "అసలెంత దూరం?" అని అడిగారు, డాక్టర్ని రిపోర్టు అడిగినట్టు.

"ఆరువందల యాభై మైళ్ళు. పోయిన వేసవిలో ఈ కారులో వాషింగ్టన్ వెళ్ళొచ్చారు కదా, దానికంటే కాస్త తక్కువే."

"అది నేల మీద."

"నేల మీద మీరు పన్నెండు గంటలు భయం లేకుండా నడిపారు. ఇది రెండు గంటలు కూడా లేదు. ఇలా లేచి, కాఫీ ఇచ్చి, కప్పు వెనక్కి తీసుకునేసరికి దిగిపోతుందట. వసుమతి చెప్పింది."

"లేచేటప్పుడే," అన్నారాయన మెల్లగా. "చక్రాలు నేలని వదిలేస్తాయి చూడు, ఆ క్షణం. కింద ఏమీ లేదని కాళ్ళకి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎన్ని గంటలైనా ఒకటే."

రూతుకి తన మొదటి ప్రయాణం గుర్తొచ్చింది. బొంబాయిలో విమానం లేస్తుంటే గట్టిగా ఏడ్చేసింది. భయంతో కాదు, అద్దం అవతల చెల్లెలు చెయ్యి ఊపుతున్న చోటు కనిపించకుండా పోయినందుకు. ఆ మాట చెప్పింది. ఆయన విన్నారు. వీధి చివర మంచు తోసే బండి గరగరమని వెళ్ళిపోయింది.

"మీరు రాకపోయినా ఫరవాలేదండీ," అంది రూతు. "నన్ను ఒంటరిగా వెళ్ళనివ్వండి, చాలు."

"అది కుదరదు. మాటిచ్చాను." ఆయన కోటు బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకున్నారు. "వస్తాను. ఒక్క షరతు. కిటికీ పక్కన నువ్వు కూర్చోవాలి. బయట ఏం కనిపిస్తున్నా నాకు చెప్పకూడదు."

"ఏథెన్స్ కనిపించినా?"

"ఏథెన్స్ అయితే చక్రాలు నేలని తాకాక చెప్పు."

* * *

తర్వాత భోజనాల హడావిడి. ఏసుపాదం గారు లోపలికొచ్చి, గొంతు సవరించుకుని, "సోమవారం రెండు టిక్కెట్లు అదనంగా బుక్ చేయాలి, రోమా నుంచి ఏథెన్సుకి. నాకూ, చెల్లెమ్మకీ," అని ప్రకటించగానే, జగదీష్ చప్పట్లు కొట్టాడు. కృపావరం పెద్దాయన చెయ్యి పట్టుకుని అదే పనిగా ఊపాడు. లూసీ భర్త వైపు చూడకుండా కేకు కోస్తూ కూర్చుంది. కేకు ముక్కలు మాత్రం ఒక్కటీ తిన్నగా రాలేదు. ఆయన వెళ్ళి పక్కన నిలబడి, "నా పళ్ళెంలో పలావు నువ్వే పెట్టు," అన్నారు. అంతే, వాళ్ళిద్దరి మధ్యా రాజీ కుదిరిపోయింది.

"విమానంల నిద్రపోండి సార్," అంది వసుమతి వడ్డిస్తూ. "మా కస్టమర్ ఒకాయన ఉండె. భయమని కళ్ళు మూసుకుంటే, లేచేసరికి దిగిండు."

"కళ్ళు మూసుకోవడం మాకు అలవాటేనమ్మా," అన్నారాయన. "పక్కన ఎవరూ ప్రార్థన చేయకుండా ఉంటే చాలు."

ఇల్లంతా నవ్వు. పటం మీంచి పళ్ళేలు తీసి, ఎవరో క్రాన్‌బెర్రీ పచ్చడి చుక్క మాల్టా మీద పడేశారని తేల్చి, జగదీష్ మీద నేరం మోపుతుండగా, వంటింట్లో టెలిఫోన్ మోగింది.

రూతు వెళ్ళి ఎత్తింది. ముందు ఆపరేటర్ గొంతు, తర్వాత సముద్రపు హోరులాంటి చప్పుడు, అందులోంచి సన్నగా, "అక్కా!"

"దేవీ! నువ్వా! ఒసేయ్, ఇప్పుడే నీ మాటే. నేను వస్తున్నాను. ఏథెన్స్ వస్తున్నాను!" రూతుకి తెలియకుండానే గొంతు అరుపైపోయింది. తన మాటలే ఒక క్షణం ఆగి తనకి తిరిగి వినిపించాయి. లూసీ ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వస్తూ, ఆ ఆనందం చూసి గుమ్మంలోనే నిలబడి నవ్వింది.

"నిజంగానా అక్కా? అయితే విను, లైన్ ఎంతసేపుంటుందో తెలీదు. నేను ఒక్కదాన్నే రావట్లేదు. ఇంకొకరు వస్తున్నారు. నువ్వు చూడాలి. నువ్వు చూసి సరే అంటేనే ఇండియా వెళ్ళాక పెళ్ళి మాట. వద్దంటే అక్కడికక్కడే వదిలేస్తాను, ఒట్టు."

రూతు టెలిఫోన్ తీగ వేలికి చుట్టుకుంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎవరే ఆ మహానుభావుడు? ఏం చేస్తాడు?"

"ఇంజనీర్. మా ఆసుపత్రిలో కొత్త బిల్డింగ్ కట్టింది వాళ్ళ కంపెనీయే. మనవాళ్ళే అక్కా, రేపల్లె వైపు. పేరు సుందర్ రాజ్."

"సుందర్ రాజా?" అంది రూతు పైకే.

గుమ్మంలో లూసీ చేతిలోంచి గిన్నె జారి, నేల మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

"వాళ్ళ అన్నయ్య ఒకాయన అమెరికాలోనే ఉన్నారట," అంటోంది దేవకుమారి గబగబా. "ఆ పేరు నిన్న మొదటిసారి చెప్పాడు. నువ్వు ఉత్తరాల్లో రాసే మీ చర్చి పెద్దాయనే. అక్కా, ఆయనకి ఒక్క మాట కూడా తెలియనివ్వకు. ఆ అన్నయ్య కూడా వస్తాడేమోనని అనుమానం వచ్చినా ఈయన ఏథెన్స్‌లో విమానమే దిగడు. నాకు తెలుసు, ఆ విషయంలో మొండి. నువ్వొక్కదానివే వస్తున్నావు కదా?"

రూతు జవాబు చెప్పేలోగా గుమ్మంలో అలికిడయింది. గిన్నె చప్పుడు విని ఏసుపాదం గారు వచ్చారు. చేతిలో పలావు పళ్ళెం, టై భుజం మీదికి వేసుకుని, మొహమంతా వెలుగు. ఈ ఏడేళ్ళలో ఆయన్ని అంత తేలిగ్గా రూతు ఎప్పుడూ చూడలేదు.

"చెల్లెలేనా?" అన్నారు గట్టిగా, ట్రిపోలీ దాకా తనే వినిపించాలన్నట్టు. "నేనూ వస్తున్నానని చెప్పమ్మా! ఐదు గంటలు కాదు, రెండే గంటలని చెప్పు!"

రూతు చెయ్యి రిసీవర్ మూయడానికి లేచి సగంలో ఆగింది. ఆయన భుజం వెనకనుంచి లూసీ, కళ్ళనిండా నీళ్ళతో, ఆ పేరు ఎత్తొద్దని తల అడ్డంగా ఊపుతోంది.

"అక్కా," అంది దేవకుమారి సముద్రం అవతలినుంచి, "పక్కన మాట్లాడుతోంది ఎవరు?"